కొలత

నారిన్ బజారుకి మంచు ఇంకా కొండ దిగలేదు.
మెరిసే జపాన్ బండి తలుపు ఒకసారి వేసి
చప్పుడు విన్నాడు ఎసెన్‌బెక్.
"ఇంత మెత్తని గొంతు కొండకి వినబడదు."

పాత రష్యన్ జీపు దగ్గర వంగాడు.
కడుపు కింద జానెడున్నర ఖాళీ,
సుత్తికి లొంగే ఇంజను,
చలికి మొండికేస్తే తిట్టుకి లేచే రకం.

ఎక్కడం సంగతి అడగలేదు.
దిగడం అడిగాడు:
వెనక కొండమేక బరువుంటే?
బ్రేకు కాలితే? వాగు మీద మంచుపలక పల్చనైతే?

అమ్మేవాడు జవాబు వెతుక్కుంటుంటే
వెనక తలుపు తెరిచి, టోపీ తీసి
ఇనప నేల మీద వెల్లకిలా పడుకున్నాడు.
కాళ్ళు పూర్తిగా చాపాడు.

"నిద్రకా?"

"పోయినేడు తమ్ముణ్ణి దించినప్పుడు
బూట్లు బయటే ఉండిపోయాయి.
దారంతా వాటి మీద మంచు."

తర్వాత స్టెప్నీ టైరు కోసం
గంటసేపు బేరమాడాడు.