తూకం

పద్దెనిమిదేళ్ళుగా గుంటూరు మిర్చి యార్డులో
బరువులు రాయడమే నా పని.
మోయడం ఏసోబుది.

మొన్న సరదాకి కాటా ఎక్కాను.
డెబ్భై తొమ్మిది కిలోలు.
"రెండు టిక్కీలకి కిలో తక్కువ, గుమాస్తాగారూ.
మరి దీన్నెవరు ఎత్తుతారు?"

అప్పట్నించీ, బేరాలు మొదలవకముందే,
ఎనిమిదో షెడ్డు ఇనప పైపుకి వేలాడుతున్నాను.
మొదటిరోజు చేతులు జారాయి.
మూడోరోజు తుమ్మొచ్చి నేనే జారాను.
తేజా ఘాటుకి
వ్యాయామం గియ్యాయామం తెలీదు.

దండీలు ముందు గోడకి,
నెల తిరిగాక బల్లకి,
ఇప్పుడు నేలకి.
గుంజీలు మాత్రం ఎక్కాల మాస్టారు ఎప్పుడో నేర్పారు.
శిక్షనుకున్నాను.

మెట్లెక్కితే మోకాళ్ళు ఇదివరకట్లా తిట్టడం లేదు.
పెన్ను పట్టే వేళ్ళ మొదట్లో
నాలుగు కాయలు కాశాయి.
ఏసోబు అరచెయ్యి పక్కన పెట్టి చూసుకున్నా:
అతనిది ముదురు కాపు,
నావింకా పిందెలు.

ఇవాళ గడ్డానికీ పైపుకీ మధ్య బెత్తెడు.
బీడీ ఆర్పి, కిందనుంచి నా పాదాలు పట్టబోయాడు.
వద్దన్నాను.
"పోనీ, ఆ బెత్తెడూ తరుగు రాసేసుకోండి,"
నవ్వాడు ఏసోబు.

ఎందరి కాయకో రాశాను తరుగు,
వాళ్ళు చూస్తుండగానే.
దీనికి రాయను.