మూడో నిమిషం

ముత్తుకూరు రోడ్డులో రొయ్యల మేత అమ్మే ఆయన దగ్గర కొన్నా కారు.
ఏసీ మీట తిప్పితే మొదట్లో
నానేసి మరిచిపోయిన గోనెసంచి ఊపిరి వదిలినట్టుండేది.
కాసేపటికి అలవాటయ్యేది.
ముక్కంత సర్దుకుపోయేది ఒంట్లో ఇంకోటి లేదు.

బాడుక్కొచ్చినోళ్లకి అలవాటయ్యే టైం యాడుంటాది?
పొగతోట ఆస్పత్రి కాడ దిగినామె
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే డబ్బులు లెక్కపెట్టింది.
కావలి దాకా మాట్లాడుకున్న పిల్లోడు
కోవూరు దాటకముందే అద్దం దించాడు.
మే నెల. ఎండొచ్చి వాడి పక్కన కూర్చుంది,
ఇద్దరికీ కలిపి ఒకటే బాడుగ.

ఊరుకోలేదు నేను.
అద్దం కింద మల్లెపూల సెంటు బిళ్ల అతికించా,
మల్లెపూలూ గోనెసంచీ కలిసి
వానకి తడిసిన పెళ్లిపందిరి వాసనయింది.
కర్పూరం పెట్టా.
గిన్నెలో కాఫీ పొడి పెట్టా, పొదలకూరు మలుపులో అది సీటంతా ఒలికింది.
గూడూరు నిమ్మకాయలు నాలుగు కోసి పెడితే
అవి కూడా కుళ్లి
తమ వాటా తాము కలిపాయి.

మస్తానమ్మ మాత్రం ఒక్క మాటా అనేది కాదు.
రొయ్యల షెడ్డులో పొద్దస్తమానం తలలు తుంచే పని.
పొద్దుగూకేటప్పుడు గేటు కాడ ఎక్కించుకుంటే
ముందు సీటు ఖాళీగా ఉన్నా ఎనకే కూర్చునేది,
తలుపుకి ఆనుకుని,
చేతులు ఒళ్లో, కొంగు కింద.
అలిసిపోయుంటాదిలే అనుకున్నా.
పని లేని ఆదివారం కూడా అట్నే కూర్చుంటే
ఏమీ అనుకోలేదు.

ఆటోనగర్లో రహంతుల్లా భాయ్ వాసన చూడలేదు,
ముందు బండి కిందకి దూరాడు.
"ఏసీ ఏస్తే నీళ్లు కారతుండాయా కిందకి?"
నా బండి కింద నేల ఎప్పుడూ పొడే.
అది దాని మంచి గుణమనుకుంటుండా నేను.
చూపుడు వేలంత గొట్టం, దానికి మట్టి బిరడా.
తీగతో పొడిచాడు.
గ్లాసుడు, రెండు గ్లాసులు, ఇంకా,
కుడితి రంగు నీళ్లు.
డ్యాష్‌బోర్డు కింద పెట్టె ఊడదీసి ఫిల్టరు లాగితే
తెల్లగా పుట్టిన అట్ట బొగ్గయిపోయుంది,
మడతల్లో మేత పొడి, వేపాకు ఈనెలు,
ఎలక కొరికి తెచ్చుకున్న ఎవరిదో రేషన్ కార్డు జిరాక్సు:
ఒక కన్నూ, సగం ముక్కూ.

"వాసన మీద వాసన పూస్తే పోదు సామీ. తడి పోవాల."
లోపల కాయిలు మీద నురగ కొట్టాడు.
అది దిగేలోపల రెండు టీలు తాగాం.
"బండి ఆపే ముందు ఏసీ కట్టేసి ఉత్త ఫ్యాను తిప్పు,
రెండు నిమిషాలు. ఆరనీ.
తడి బట్ట మడిచి పెట్టెలో పెడతామా?"
కొత్త ఫిల్టరుతో కలిపి పన్నెండొందలు.
పాతది చూపించి, "కావాల్నా?" అని నవ్వాడు.

ఆ సాయంత్రం షెడ్డు గేటు కాడ ఆపా.
ఎనక తలుపు తీసి కూర్చుంది.
పంటపాళెం దాటిందాకా ఇద్దరికీ మాటల్లేవు.
"వాసన రాలేదే," అంది.
"నీళ్ల గొట్టం మూసుకుపోయిందంట. తీసేశాడు."
"అయితే కారుదా?"

పైనున్న అద్దంలో చూశా.
కొంగు కింద నుంచి చేతులు తీసి
అటూ ఇటూ తిప్పి చూసుకుంటుండాది.
చింతపండుతో రుద్ది రుద్ది
గోళ్ల పక్కన తోలు లేచిపోయిన చేతులు.
మన ఇంట్లో చింతపండు ఇంత తొందరగా అయిపోతాదేందని
మొన్ననే గదా నేను కసిరింది.

"నాదే అనుకున్నా," అంది.
"నువ్వు బిళ్లలూ అవీ తెచ్చి పెడతా ఉంటే."

ఇంటి ముందు ఆపా.
ఏసీ కట్టేసి ఫ్యాను తిప్పా.
"దిగవా?"
"ఆరాలంట."
తను కూడా దిగలేదు.
చేతులు రెండూ ముందు సీటు మీద ఆనించి
గాలి వచ్చే దిక్కుకి పెట్టింది.
రెండు నిమిషాలే చెప్పాడు రహంతుల్లా.
మూడోది కూడా తిరగనిచ్చా.