తవ్వకుండా వదిలిన బండ

గూడూరు రైలుగేటు అవతల మా హోములో
నెల మొదటి సోమవారం, పొద్దున ఆరుకి, పదకొండు సీసాలు.
మూతల మీద పేర్లు నేనే రాస్తా.
చెమటకి ఇంకు పాకి చెంగయ్య చెంగమ్మ అవతాడు.
ఆయనది నిమ్మతొక్క రంగు,
కాస్త మబ్బు.

మూడోనాటికి నెల్లూరు ల్యాబు కాయితం:
బాక్టీరియా, లక్షకు పైన.
పక్కన ఎర్ర చుక్క.

మేనేజరు పట్టాభి అప్పుడే మాత్రల పట్టీ చించినాడు.
"రాత్రంతా ఏందో గొణిగినాడంట గదమ్మా,
మొదలుపెట్టెయ్, ఒక పనైపోద్ది."

మంచం కాడికి పోయినా.
ఒళ్ళు చల్లగానే ఉంది.
పొత్తికడుపు నొక్కితే నవ్వినాడు, చక్కిలిగింతంట.
పోసేటప్పుడు మంటుందా పెద్దాయనా?
"మంటేందిమే, సల్లంగా పోతాంది."
నాలుక మాత్రం గరుకు కాయితం.
తలకాడ చెంబు నిండుగానే ఉంది,
నిన్నట్నించీ ఎవరూ వంచలా.
కిటికీ పక్కనుండే మంచాన్ని
నిన్ననే గోడవైపుకి జరిపినారు, ఫ్యాను బాగుచేయాలని.
రైళ్ళు కనపడ్డంలా ఆయనకి.

"నీలో పురుగులున్నాయంట తాతా, లక్ష."
"లక్షా? కూలెవరిస్తన్నారు?"

నలభై ఏళ్ళు సైదాపురం అభ్రకం గనుల్లో దిగిన మనిషి.
గోళ్ళ సందుల్లో ఇంకా ఏదో మెరుస్తుందని
నాకనిపిస్తుంది గానీ, అది నా భ్రమే.
"కింద ఎంత తళుక్కుమన్నా
నడిమి బండలో రేకుని ముట్టుకోం మే.
కప్పు నిలబడేది దాని మీదే.
పోలయ్యని ఒకడు, తీసినాడు.
మంచి రేకు.
పైకి తెచ్చినప్పుడు గూడా చేతిలోనే ఉండింది."

మస్తానమ్మ గుర్తొచ్చింది.
నిరుడు మూడుసార్లు ఇట్టాంటి కాయితమే,
మూడుసార్లూ మందేసినాం. వేసింది నేనే.
విరేచనాలతో చీరలు చాలకపోతే నా పాతవి తెచ్చినా.
నాలుగోసారి ఆమె నిజంగా వణికింది,
నిజంగా కాలింది.
అప్పుడు కాయితంలో మందుల పేర్లకెదురుగా
పైనించి కిందదాకా ఒకే అక్షరం:
పారదు, పారదు, పారదు.
ఆమె దుప్పటి ఇంకా బీరువాలోనే ఉంది.

డాక్టరమ్మకి ఫోను చేసినా.
జ్వరముందా? లేదు. మంట? లేదు. మనిషిని గుర్తుపడతన్నాడా?
నన్ను కూలడగతన్నాడు మేడం.
అటునించి నవ్వు, ఆపైన చిన్న విసుగు:
"ఏ బాధా లేనాయన సీసా అసలెందుకు పంపినారు?"
ప్రతి నెలా పంపుతాం గదా మేడం.
"అదే జబ్బు."

మాత్రలు పట్టాభి టేబులు మీద పెట్టేసినా.
గంటకోసారి నీళ్ళు, పూటకోసారి జ్వరం చూడాలని
కాయితం వెనక రాసుకున్నా.
ఆయా, నేనూ మంచం ఈడ్చినాం, గచ్చు గీరుకుపోయింది.
ఉప్పేసిన నిమ్మనీళ్ళు కలిపిచ్చినా.

మద్రాసు బండి పోయిందాకా చూసి
ఒక గ్లాసు తాగినాడు.
రెండోది ఎత్తి పట్టుకొని,
"ఇది మా కూలోళ్ళకి" అన్నాడు.