రెండో వైపు

కువైట్ శుక్రవారం సంతలో
కార్పెట్ల వరస దాటినాక, పావురాల బోన్లకు ఇవతల
పట్ట పరుచుకుని కూచుంటాడు రమదాన్, ఈజిప్టు మనిషి.
నన్ను చూస్తానే
మోకాలి కింది సంచి ముందుకు తోస్తాడు.

ఖాళీ క్యాసెట్లు.
పాట ఎక్కనివి, ప్రసంగం ఎక్కనివి,
పైన గాజు కాగితం ఇంకా చిరగనివి.
తొంభైకి ముందటి సరుకని ఒట్టేస్తాడు,
ఇరాక్ ట్యాంకులు రాకముందు
ఏ అంగడి అటక మీదో మిగిలిందంట.
నేను నమ్మను.
మూల మడతను గోటితో తట్టి చూస్తాను.
చేత్తో అతికించిందైతే మొద్దుగా ఉంటాది,
మిషను మడతయితే కొత్త నోటు అంచు.
అర దినారంటాడు. పావంటాను.
మధ్యలో అతని చాయ్ ఒకటి తాగుతాను.

ఖైతాన్ రూములో ఏడుగురం.
నా మంచం కింది రేకుపెట్టెలో
రెండు నూర్ల పద్నాలుగు.
అరవై నిమిషాలవి, తొంభైవి,
నూట ఇరవైవి నాలుగే. వాటి టేపు ఉల్లిపొర,
యంత్రం నమిలేస్తుందని అప్పట్లో ఎవరూ కొనలేదు.

"ఇంటావా, అమ్ముతావా?"
ఫోన్లోంచి తలెత్తకుండా అడుగుతాడు చెండ్రాయుడు.
రెండూ కాదంటే
"మరెందుకు మామా?"

ఎనభై ఏడులో ఈ వీధి మొత్తానికి
రికార్డు చేసే డబ్బా నా వ్యానులోనే ఉండేది.
రాయడం రానోళ్లు, వచ్చినా రాయలేనోళ్లు
సెలవు పూట ముందు సీట్లో కూచునేవాళ్లు.
ఎర్ర గుండీ, పక్క గుండీ కలిపి నొక్కి
నేను దిగిపోయి గోడ నీడన నిలబడేవాణ్ని.

మస్తాన్ వలిది అరుపే,
రాయచోటికి నేరుగా వినపడాలన్నట్టు.
గుర్రంకొండ ఆయనొకడు ఒక వైపంతా బాకీలు చదివినాడు,
వడ్డీతో సహా, పైసలతో సహా.

రెడ్డెమ్మకు సల్వాలో వంటపని, నెలకొక్క పూట సెలవు.
"ఎనుము ఈనిందా?" అనింది.
అంతే.
అద్దంలోంచి చూస్తే పెదాలు కదలడం లేదు.
టేపు తిరుగుతా ఉంది, ముప్పై నిమిషాలు.
టక్కుమని గుండీ లేచినాక తలుపు తీసి
"పంపించన్నా" అనింది.
ఏం చెప్పలేదే అంటే
"చెప్పినా కదా."

ఊరికి పోయేవాడి పెట్టెలో పంపినాను.
మూడు నెలలకు రెండో వైపు నిండి వచ్చింది.
"ఈనిందిమా, పెయ్య" అని ఒక చిన్నపిల్ల గొంతు.
తర్వాత వాళ్లూ ఊరకే కూచున్నారు.
ఎవరో దగ్గినారు. గిన్నె దొర్లింది.
రెడ్డెమ్మ చివరిదాకా వినింది,
మధ్యలో ఒకసారి తల ఊపింది కూడా.

ఆ ఆగస్టు తర్వాత
నేను బాగ్దాద్ మీదుగా జోర్డాన్ ఎడారి గుడారాలకు చేరినాను.
వ్యాను పోయింది, డబ్బా పోయింది.
రెడ్డెమ్మ ఏ బస్సెక్కిందో తెలీదు.

ఖాళీ టేపు సుయ్యిమంటాది,
మధ్యాహ్నం తారురోడ్డు లాగా.
మనిషి కూచున్న టేపులో ఆ సుయ్యి అడుగున
ఇంకొకటి ఉంటాది,
చెంబు ఎత్తినాక మిగిలిన తడి గుండ్రం.
చెండ్రాయుడికి ఇదంతా చెప్పలేదు.

పోయిన నెల ఒకటి చింపినాను.
ఎర్ర దారం పట్టి లాగితే
కొత్త చెప్పుల వాసన.
అందరూ డ్యూటీకి పోయినాక
సంతలోనే కొన్న పాత డబ్బాలో పెట్టి
రెండు గుండీలూ నొక్కినాను.
ఏమీ అనలేదు.
ఏసీ మూలిగింది. పక్క గదిలో కుక్కర్ మూడు కూతలు.
మసీదులో పిలుపు మొదలై, ముగిసింది.
గుండీ లేచినాక
తాళంచెవి మొనతో వెనక చెవి ఒకటి విరిచినాను,
ఎవడూ దీని మీద పాట ఎక్కించకుండా.
రెండో వైపు చెవి విరవలేదు.

ఇప్పుడు పేచీ ఏందంటే
పెట్టెలో రెండు నూర్ల పదమూడు.
ఇది వాటిల్లో కలవదు.
చీటీ మీద గీతలున్నాయి,
పెన్ను మూత తీసి చానాసేపయింది.

"దాంట్లో ఏముంది మామా?"

"ఎనుము సంగతి" అన్నాను.