నీటి మీద రాత

మా ఉద్యోగమే నీటి మీద రాత.
ఓలెసుండ్ రేవులో, రెండో అంతస్తు గదిలో
ఏ పడవ ఏ దీవికి ఎన్నింటికో రాస్తుంటాం.

మంగళవారం మీటింగుకి సగం మందిమి బల్ల చుట్టూ,
మిగిలిన సగం గోడ మీది తెరలో.
ఇంగ్విల్ ఎప్పుడూ తెరలోనే.
దీవి నుంచి రావాలంటే మేం రాసిన పడవే ఎక్కాలి,
అంత ధైర్యం లేదంటుంది, నవ్వుతూ.

గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడకు ముఖాలున్నాయి గాని చెవులు తక్కువ.
ఇటు నలుగురం ఒక్కసారే మాట్లాడతాం,
మైకు పక్కనే ఎవరో బిస్కెట్ల పొట్లం విప్పుతారు.
ఆ గరగరే ఆమెకు అందేది.
"మళ్ళీ చెప్తారా?" అని రెండుసార్లు అడుగుతుంది.
మూడోసారి అడగదు.
అడగలేదు కనుక విన్నదనుకున్నాం.

ఆ రోజు తెర నల్లబడ్డాక
కాఫీ మెషిన్ దగ్గర ఔదున్ అన్నాడు:
చలికాలం ఆరూ నలభై పడవని
ఆరుంబావుకి జరిపేద్దామా?
సరే అన్నాను.
అన్నది నేనే, ఇంకెవరూ కాదు.
కప్పు కడిగి బోర్లించాను.
మాట కూడా దాని కిందే ఉండిపోయింది.

ఇంగ్విల్ పాత వేళలే అచ్చు తీసింది,
వానకు తడవకుండా ప్లాస్టిక్ తొడిగి
రేవు స్తంభానికి తన చేత్తోనే కట్టింది.

సోమవారం, ఇంకా చీకటి.
పశువుల డాక్టరు స్యూర్
మందుల పెట్టె కాళ్ళ మధ్య పెట్టుకుని
ఆరున్నరకే వచ్చి నిలబడ్డాడు.
పడవ దీపం అప్పటికే కొండమలుపు దాటుతోంది.
అవతలి దీవిలో ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోంది.
ఆవు బతికింది.
దూడ సంగతి ఎవరూ మమ్మల్ని అడగలేదు,
మేమూ ఎత్తలేదు.

మర్నాడు తెరలో ఇంగ్విల్ అరవలేదు.
ప్లాస్టిక్ తొడుగుతో సహా ఆ కాగితాన్ని
కెమెరాకి ఆనించి పట్టుకుంది,
మాకు ఆమె ముఖం కనపడనంత దగ్గరగా.
దాని వెనక నుంచి అంది:
"మీటింగు ముగిశాకే మొదలవుతుందని
నాకెవరూ చెప్పలేదు."

పైవాళ్ళు కొత్త యాప్ పంపారు.
మూడు గంటల శిక్షణ, నీలం గుర్తు, ఇంకో గంట మోత.
నేను మా అమ్మాయి సగం వాడి వదిలేసిన
గీతల నోటుబుక్కు తెచ్చి
కాఫీ మెషిన్ పక్కన పురికొసతో వేలాడదీశాను.
పడవ గురించి నోరు తెరిచినవాడు
కాఫీ చల్లారేలోగా అందులో రాయాలి.
నాలుగింటికి ఆ పేజీ ఫొటో తీసి అందరికీ పంపుతాను.

మొదటి వారం రెండే వాక్యాలు. రెండూ నావే.
నా దస్తూరీ అర్థంకాక ఇంగ్విల్ ఫోన్ చేస్తుంది,
"ఇది ఒకటా, ఏడా?"
ఏడు అంటాను.
అక్కడ గాలెలా ఉందని అడుగుతాను.
పదేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.
కిటికీ తెరిచి వినిపిస్తుంది.

నిన్న ఎవరో పుస్తకంలో రాశారు:
కాఫీ గింజలు అయిపోయాయి.
అదీ ఫొటో తీసి పంపాను.