అఫ్రైడ్

అమలాపురంలో జిరాక్స్ షాపు మేడ మీద
ఆరింటి బ్యాచికి ఇవాళ పాఠం: కంగారు.

"ఇంగ్లీషువాళ్లకి భయమేస్తే
కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతాయి" అన్నాను.
తాతబ్బాయి నవ్వలేదు.
రెండెకరాల రొయ్యల చెరువు అతనిది.
"రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే
జనరేటరు అందుకునేదాకా
నా కడుపులో ఏవుంటాయో తెల్సాండి?
రొయ్యలు. గాలికోసం పైకి తేలినయ్యి."

కోల్డ్ ఫీట్ అని బోర్డు మీద రాశాను.
నర్సు సువార్త తల అడ్డంగా ఊపింది.
"మా వార్డులో కాళ్లు చల్లబడ్డాయంటే
కంగారు అయిపోయినట్టేనండి,
ఇంక బయట కూర్చున్నవాళ్లకి చెప్పడమే."

వెనక బెంచీలోంచి ఎవరో
"మనకి గుండెల్లో రైళ్లు పరిగెడతాయి కదండీ" అంటే
అందరూ ఒక్కసారే నవ్వారు.
గౌతమిలో స్తంభాలు లేచి ఎన్నేళ్లో,
పట్టాలింకా ఊరు చేరలేదు.
ఎక్కడానికి లేని రైలు
గుండెల్లోకి మాత్రం టైముకొస్తుంది.

నాకు చిక్కల్లా అఫ్రైడ్ దగ్గరే.
మేనేజరు సీట్లో లేడని చెప్పడానికి
ఐయామ్ అఫ్రైడ్ అంటారు, ఏ భయమూ లేకుండా.
ఇల్లంటుకుంటే
ఎ బిట్ కన్సర్న్‌డ్ అంటారు, టీ కప్పు కింద పెట్టకుండా.
మనకేమో భయం వేస్తుంది,
చలి వేసినట్టు, ఆకలి వేసినట్టు.
ఎక్కణ్ణించో వచ్చి మీద పడుతుంది,
దుప్పటి కప్పితేనో ముద్ద పెడితేనో పోతుంది.
వాళ్లు వాక్యం మొదట్లోనే నేనని నిలబడి
తామే భయమైపోతారు.
ఇదంతా చెప్పబోయి ఊరుకున్నాను,
పరీక్షలో రాదు.

ఫోను మోగింది. లంకలోంచి మా అక్క.
గాలికి మాట వినపడక స్పీకరు పెట్టాను.
"ధవళేశ్వరం దగ్గర ఎంతుందమ్మాయ్?"
"పదమూడున్నర." చూడకుండానే చెప్పాను.
"ఊఁ."
కాసేపు హోరు.
"గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలేశాంలే.
నువ్వు తిన్నావా?"

పెట్టేశాక క్లాసంతా నావైపే చూసింది.
"మేడమ్, ఇప్పుడావిడన్నది
ఇంగ్లీషులో ఎలా చెప్పాలండి?"

డస్టరు అందుకుని
కోల్డ్ తుడిచేశాను.
ఫీట్ అలాగే ఉంచి
దాని ముందు అంకె వేశాను.