తప్పనిసరి

టాంపెరెలో నవంబరు. మూడున్నరకే చీకటి.
పాత నూలుమిల్లు మూడో అంతస్తులో
పదకొండుమందిమి
ఒక క్రియాపదం దగ్గర ఆగిపోయాం.

సందేశమంటే ఒక కవరు.
పైన చిరునామా, లోపల సంగతి. దాని మీద తగువు లేదు.
అందుకున్న యంత్రం "అందింది" అని బదులు పలకాలి.
పలకాలా?
పలికితే మంచిదా?
నిన్న పొద్దుటి నుంచీ ఇదే.

మినిట్స్ రాసే వంతు నాది.
"తప్పనిసరి అని రాశారంటే
తెల్లారేసరికి మా పాత సర్వర్లన్నీ దోషులు!"
బ్యుంగ్ ఓక్ అన్న ఈ మాటని
'ఒక సభ్యురాలు ఆందోళన వ్యక్తం చేశారు' అని రాశాను.
గ్వెనాయెల్ బల్ల గుద్దింది రాయలేదు.
ఒలికిన కాఫీ రాయలేదు.

ఆ కవరు మొదట గ్వెనాయెల్‌ది.
బ్రిటనీ తీరంలో ఒక చిన్న రేవులో
పడవలవాళ్ళకీ శీతల గిడ్డంగికీ మధ్య
సార్డీన్ చేపల లెక్క తప్పకుండా
ఒక్క వారంలో అల్లుకున్నాడు. ముప్పై ఒక్క పంక్తులు.
ఇప్పుడది నూట పన్నెండు పేజీలు.
వెతికితే ఒక్క చేప లేదు.

పైవిక్కి అధ్యక్షురాలు. ఓటు పెట్టదు.
"ఇది నచ్చిందా?" అని కూడా అడగదు.
"దీనితో బతకలేనివాళ్ళెవరైనా ఉన్నారా?" అంటుంది,
అని, కిటికీవైపు చూస్తూ కూర్చుంటుంది.
రేడియేటరు టకటకమంటుంది.
ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు.

నాలుగింటికి పరీక్ష.
ఒకరి కోడు ఒకరు చూడని రెండు లాప్‌టాప్‌లు, ఎదురెదురుగా.
గ్వెనాయెల్ తన పాత లెక్కల్లోంచి ఒకటి తీసి పంపాడు:
సార్డీన్లు, ఒక టన్ను.
ఆమె యంత్రం పుచ్చుకుంది, ఉలుకూ పలుకూ లేకుండా.
బదులు పలకడం మంచిదే గానీ తప్పనిసరి కాదు కదా.
అతని యంత్రం కాసేపు చూసింది.
పోలేదేమో అనుకుని మళ్ళీ పంపింది.
మళ్ళీ.
మేం నవ్వడం మొదలుపెట్టేసరికి
ఆమె తెర మీద పదిహేడు టన్నులు.

బ్యుంగ్ ఓక్ నవ్వలేదు.
పెన్నుకి మూత పెట్టింది.
"పాతవాటికి పద్దెనిమిది నెలల గడువివ్వండి" అంది.
పైవిక్కి తన ప్రశ్న అడిగింది.
రేడియేటరు మాత్రమే మాట్లాడింది.

నాలుగో విభాగం, మూడో పేరా, ఒక్క పదం.
రేపు ఎక్కడో ఎవడో కుర్రాడు అర్ధరాత్రి దాన్ని చదివి
ఎవడు రాశాడ్రా ఇది అని తిట్టుకుంటాడు.
చివరి పేజీ దాకా వెళ్ళడు.
అక్కడ, కృతజ్ఞతల కింద, అక్షర క్రమంలో
నాలుగో పేరు గ్వెనాయెల్‌ది.

రాశాను: ఏకాభిప్రాయం. సమయం 5.40.

బయట మంచు కాదు, తడి.
ట్రాము కోసం నిలబడ్డాం.
అతని ట్రాము ముందొచ్చింది.
మెట్టు మీంచి వెనక్కి తిరిగి
తన బ్రెటన్‌లో ఏదో అన్నాడు.
నాకు అర్థం కాలేదు.
అందిందని మాత్రం చెయ్యెత్తాను.